మిట్టకు అందదని చెప్పాను

మూడు మాటల అబద్ధం ఒకటి ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. చెప్పినప్పుడు దానికి బరువే లేదు. ఎండలో నిలబడి, నుదుటి చెమట తుడుచుకుంటూ తేలిగ్గా అనేశాను. ఆ తర్వాతే అది పెరగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఇంట్లో ఫోను మోగితే నా గుండె ఒక్కసారి ఆగి, మళ్ళీ కొట్టుకుంటుంది. మా ఆవిడ బీపీ అంటుంది. పిల్లలు వయసంటారు. నేను అవునంటాను. అదీ అబద్ధమే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. నేనెవరినో దాచుకోవడం దగ్గరే ఇదంతా మొదలైంది, ఇప్పుడు కూడా దాచుకునే చెబుతున్నాను. పిరికివాడి ఒప్పుకోలు ఇంతకంటే ఎలా ఉంటుంది?

తొంభైల్లో నేను ఆత్మకూరులో టెలిఫోన్ మెకానిక్‌ని. అంతకుముందు మా వైపు ఫోనంటే ట్రంకాలే. పొద్దున బుక్ చేసి, పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తే, తీరా లైను దొరికాక 'హలో, హలో' అని అరవడంతోనే సరిపోయేది. అలాంటిది చూస్తూ చూస్తుండగానే బస్టాండు చుట్టూ పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు వెలిశాయి. ఆ వెంటనే, ఊరికొక ఫోను అన్నారు. ఎవరి సొంతమూ కాని, ఊరందరి ఫోను. అనంతసాగరం వైపు, ఉదయగిరి వైపు మారుమూల ఊళ్ళకు స్తంభాలు పాతి తీగ లాగడం ఇప్పట్లో అయ్యే పని కాదని రేడియో ఫోన్లు తెచ్చారు. ఊళ్ళో ఒక పొడవాటి పైపు నిలబెట్టి, దాని కొసన ఏంటెన్నా కట్టి, ఆత్మకూరు టవరు వైపు తిప్పితే మాట గాల్లో వచ్చేది. ఎంత ఎత్తున పెడితే అంత బాగా వచ్చేది. ఏ ఊళ్ళో ఎక్కడ పెట్టాలో చూసి చెప్పడం నా పని. ఎవరింట్లో పెట్టినా సరే, ఊళ్ళో ప్రతి ఒక్కరూ, ఏ వేళప్పుడైనా వచ్చి మాట్లాడుకునేలా ఉండాలి. రూలు అదొక్కటే. నాకు కంఠతా వచ్చు.

ఉదయగిరి కొండ దూరంగా కనిపించే ఊరది. పేరు రాయను. ఊరి నడుమ పెద్దాయన మిద్దె. ఊరికి అవతల ఒక మిట్ట, మిట్ట మీద బాప్టిస్టు చర్చీ, చర్చీ చుట్టూ కాలనీ.

బస్సు దిగి, అందరు ఉద్యోగులూ చేసినట్టే ముందు పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మంచి మనిషి. ఈ మాట ఎగతాళికి అనడం లేదు. కాళ్ళకు నీళ్ళిప్పించి, లోపలికి పిలిచి, పీట వేయించి, పక్కన కూర్చుని మరీ అన్నం పెట్టించాడు. నేను తింటూ ఉండగా అడిగాడు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని. ఊరు చెప్పాను, జలదంకి పక్కన అని. రెండోదానికి నవ్వాను.

ఆ నవ్వును ఆయన తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. నా పేరు అలాంటిది. ఎవరైనా పెట్టుకోగల పేరు, ముందూ వెనకా ఏమీ లేని పేరు. మా నాయన మిషను బళ్ళో అయ్యవారు. నేను పుట్టింది చర్చీ గంట వినపడే ఇంట్లో. మిట్ట మీద ఉన్నవాళ్ళు మావాళ్ళే. ఆ ఒక్క మాట చెబితే ఆయన నన్ను విస్తరి ముందు నుంచి లేపేవాడా? లేపేవాడు కాదేమో. మొహం కాస్త ముడుచుకుని, ఏమీ ఎరగనట్టే పెరుగు వేయించేవాడేమో. ఆ ముడుచుకునే మొహం నేను చిన్నప్పటి నుంచీ చూశాను. ఇంకోసారి చూడలేక నవ్వాను. నవ్విన క్షణం నుంచి భయం పట్టుకుంది. ఎవరైనా గుర్తుపడతారేమో, నాయన పేరు అడుగుతారేమో అని.

"మా ఇంట్లోనే పెట్టెయ్యండి. ఇంకా తిరిగేదెందుకు ఎండలో?" అన్నాడు పెద్దాయన. మిగతా చోట్లు కూడా చూడాలి, రూలు అన్నాను. "చూసి రండి. మళ్ళా ఈడికే గదా వచ్చేది" అని నవ్వాడు.

మిట్ట మీద మార్తమ్మ ఎదురొచ్చింది. చర్చీ ఊడ్చి, గంట కొట్టే మనిషి. చర్చీ పక్కనే ఆమె ఇల్లు. ఒక్కతే కూతురు, సువార్త. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. వెళ్ళినప్పటి నుంచీ తల్లీకూతుళ్ళు ఒకరి గొంతు ఒకరు వినలేదు. ఫోను తన ఇంట్లో పెడితే తలుపుకు గొళ్ళెం కూడా వెయ్యనని, ఊళ్ళో ఎవరికి ఫోనొచ్చినా పరుగెత్తి పిలుచుకొస్తానని మార్తమ్మ గబగబా చెప్పింది. నాకు నీళ్ళిచ్చింది. తాగే ముందు చుట్టూ చూశాను. ఊరి వైపు వీపు పెట్టి, చర్చీ గోడ వైపు తిరిగి తాగాను. అది ఆమె చూసిందో లేదో.

వెంట తెచ్చిన పైపు నిలబెడుతుంటే ఆమె ఆగమంది. చిన్న ప్రార్థన చేసుకుందామంది. కళ్ళు మూసుకుని, నా బిడ్డ గొంతు నాకు వినిపించు తండ్రీ అని నాలుగు మాటలు చెప్పుకుంది. చివర్న నా నోట్లోంచి ఆమెన్ వచ్చేసింది. నేను అనలేదు, అదే వచ్చింది. చిన్నప్పటి నాలుక. అంతలోనే దగ్గుతో కప్పేశాను.

ఆమె పైపు కదలకుండా పట్టుకుంది. నేను ఏంటెన్నా తిప్పి, ఫోను పెట్టె ముందు కూర్చుని రిసీవరు చెవికి పెట్టుకున్నాను. ఆత్మకూరు ఆఫీసులో నాతో పనిచేసే మావాడి గొంతు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది. "రేయ్, ఎక్కడ పెట్టినావురా? గంట కొట్టినట్టు వినపడతా ఉండాదే!" అన్నాడు. ఆ మాట నా చెవికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

"ఏమన్నా పలికిందా నాయనా?" అంది మార్తమ్మ.

"లేదమ్మా. గరగర తప్ప ఏం లేదు. మీ మిట్టకు అందదు."

ఆమె పైపు వదల్లేదు. "ఇంకొంచెం పైకెత్తేదా?" అంది. అంటూనే మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులతో ఆ ఇనప పైపును పైకెత్తింది. ఇంకా ఎత్తబోయింది.

"వద్దులేమ్మా. ఎంతెత్తినా అంతే."

"పోనీలే. నీ చేతిలో ఏముండాది. ఎండలో శానా తిప్పలు పడినావు."

ఎందుకు చెప్పాను? ఎవరూ బలవంతం చెయ్యలేదు. పెద్దాయన బెదిరించలేదు, పైసా ఇవ్వజూపలేదు. మిట్ట మీద పెట్టాలని చెబితే, వాళ్ళకెందుకు పెడుతున్నాడు వీడు అని ఆయన ఒక్కసారి ఆలోచిస్తాడు, ఆలోచిస్తే నా నవ్వు గుర్తొస్తుంది, నవ్వు వెనక ఉన్నది తెలుస్తుంది. అంతే నా భయం. మనసులో ఇంకో లెక్క కూడా వేసుకున్నాను, ఊరి నడుమ ఉంటే అందరికీ దగ్గరే కదా, పెద్దాయన మంచివాడే కదా అని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా పిరికితనాన్ని మిట్ట మీదికి నెట్టాను. ఆఫీసులో మావాడు మిట్ట సంగతి అడగలేదు. వాడు విన్నది పెద్దింటి నుంచే అనుకున్నాడు. నేను దిద్దలేదు.

పెద్దాయన ఇంట్లో నిజంగానే గరగర. మిద్దె మీద ఇంకో పైపు అతికించి, ఎత్తు పెంచి, ఎలాగో పలికించాను. కిటికీ పక్కన ముక్కాలి పీట మీద ఫోను కూర్చుంది. ఊరందరూ చప్పట్లు కొట్టారు. మార్తమ్మ కూడా, గేటు అవతల నిలబడి.

రిపేరుకు మళ్ళీ వెళ్ళినప్పుడు చూశాను. కాలనీవాళ్ళు కిటికీ దాకా రావచ్చు. రిసీవరు మాత్రం చేతికివ్వరు. నోటికి ఆనించుకునే వస్తువు కదా అన్నారు. ఎవరూ గట్టిగా అనలేదు, ఎవరూ కాదనలేదు, అదొక పద్ధతైపోయింది. ఇంటి కోడలు లోపల ఫోనెత్తి అవతలి మాట వినేది. విని కిటికీలోంచి చెప్పేది. "నీ కూతురు బాగుండాదంట." మార్తమ్మ చెప్పింది మళ్ళీ ఫోన్లో చెప్పేది. "మీ అమ్మ బాగుండాదంట." ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఓపిగ్గా చెప్పేది. మార్తమ్మ కిటికీ ఊచలకు చెవి ఆనించి నిలబడింది, రిసీవరు దాటి ఏమైనా బయటికి వస్తుందేమోనని. నన్ను చూసి పక్కామెతో అంది, "మా మిట్టకు అందలేదు గానీ, ఈ అబ్బి శానా చూసినాడు పాపం."

చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. తలలో రూలు ఉంది. 'ఇది ఊరి ఫోనమ్మా, రిసీవరు ఆమెకివ్వాలి' అంటే చాలు. ఉద్యోగిగా అనే హక్కుంది. అనలేదు. పని ముగించుకుని, మజ్జిగ తాగి, బస్సెక్కాను. ఏది పెద్ద తప్పు, మొదటి రోజు చెప్పిన అబద్ధమా, ఆ రోజు చెప్పని నిజమా? నాకు ఇంకా తేలలేదు.

సువార్త కొన్నేళ్ళకు తిరిగొచ్చింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. అక్కడి యజమానురాలు ఇస్త్రీపెట్టె ఆనించిందట, ఒకసారి కాదట. తల్లికి చెప్పుకుందామనే ప్రతిసారీ ఫోను చేసింది. ప్రతిసారీ పరాయి గొంతు పలికింది. పెద్దింటి కోడలితో ఆ సంగతి ఏమని చెబుతుంది? బాగున్నానని చెప్పి పెట్టేసింది. ఆ బాగున్నాను అన్న మాట ఊరు దాటి, సముద్రం దాటి వచ్చి, కిటికీలోంచి దిగి, మార్తమ్మకు చేరింది. ఆమె దాన్నే నమ్ముకుని నిద్రపోయింది.

ఇది నాకెలా తెలుసంటే, మార్తమ్మే చెప్పింది. తొంభైలు ముగిసేలోపే ఆ ఊరికి చిన్న ఎక్స్ఛేంజి వచ్చింది. అడిగినవాళ్ళకల్లా ఇంటికి ఫోను. దాని టవరుకు చోటు చూడ్డానికి వేరే వాళ్ళొచ్చారు. వాళ్ళు నేరుగా మిట్టెక్కారు. ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదన్నారు. టవరు చర్చీ పక్కనే లేచింది. పనికి నన్ను వెయ్యొద్దని ఆఫీసులో సాకులు చెప్పాను. ఎన్నాళ్ళు చెబుతాను? వెళ్ళాల్సి వచ్చింది.

మార్తమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. వెనక గడపలో సువార్త. కూతురి సంగతంతా చెప్పి, టవరు వైపు తలెత్తి, మామూలుగా అడిగింది. "అప్పుడు అందలేదంటివే నాయనా. ఇప్పుడెట్టా అందతా ఉండాది?"

ఎన్నో రాత్రులు ఆ ప్రశ్న కోసమే భయపడ్డాను. తీరా వచ్చాక జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది.

"అప్పటి మిషను వేరమ్మా."

"అంతేలే," అంది. చేటలో బియ్యం ఒకసారి చెరిగింది. "ఆ పొద్దు ప్రార్థనకి నువ్వు ఆమెన్ అన్నావు. నేను ఇన్నాను. మనోడే, మనకాడ అబద్ధం ఎందుకు చెప్తాడులే అనుకున్నా."

ఆమె మళ్ళీ రాళ్ళు ఏరుకోసాగింది. సువార్త మాత్రం టవరు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను సంచి సర్దుకున్నాను.

ఆ ఊరికి మళ్ళీ వెళ్ళలేదు. మార్తమ్మ ఉందో పోయిందో కనుక్కోలేదు. ఉంటే వెళ్ళి చెప్పాల్సి వస్తుంది. పోయి ఉంటే ఇక చెప్పడానికే ఉండదు. రెండూ నాకు భయమే. ఆమె క్షమిస్తుందేమోనన్నది అన్నిటికంటే పెద్ద భయం. నీ చేతిలో ఏముండాది అంటుందేమో. నా చేతిలోనే ఉంది. రిసీవరు నా చేతిలోనే ఉంది.

మీరు నన్ను ఏమైనా అనుకోండి. ఆ పెట్టె ముందు కూర్చుని అప్పుడు చెప్పాల్సిన మాట, చెప్పాల్సిన మనిషికి కాకుండా, మీకు చెబుతున్నాను. మార్తమ్మా, పైపు దించు. ఇంక ఎత్తొద్దు. అందింది. మీ మిట్టకు బాగా అందింది.