మూడో పని నాది

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో, బడిలో పిల్లలతో లెక్కలు చేయిస్తున్నాను. "మా యక్క పోయింది మ్మా, బయల్దేరు" అన్నాడు, అంతే. పుంగనూరులో తన ఇంట్లోనే, పొద్దున కాఫీ కలుపుకుని, కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని, ఆ కాఫీ తాగకముందే ప్రాణం విడిచిందట. గుండె ఆగిందన్నారు. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఇంటి ముందు దిగాక మాత్రం కోపం వచ్చింది.

ఎందుకంటే గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లు అప్పటికే మా అత్తను ఒక్క మాటలో తేల్చేసి ఉన్నారు. పాపం, మొగుడు పోయినప్పటి నుంచీ ఆ కంప్యూటర్‌తోనే కాలం నెట్టుకొచ్చింది, పాపం, అంటున్నారు. మా అత్త బతికున్నన్నాళ్లూ ఈ జాలిని గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఆమె కళ్లు మూయగానే అది దర్జాగా వచ్చి నట్టింట్లో కూర్చుంది. దాన్ని బయటికి పంపడానికే ఇది రాస్తున్నాను.

మా మామకు సొంత లారీ ఉండేది. మదనపల్లె మార్కెట్లో టమోటా ఎత్తుకుని ఎక్కడెక్కడి ఊళ్లకో పోయేవాడు. ఒకసారి మొగిలి ఘాట్‌లో లారీ బోల్తా పడింది, మామ తిరిగి రాలేదు. వాళ్లకు పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చేయమని నాన్న ఎంత చెప్పినా అత్త కదల్లేదు. ఊళ్లో ఒక స్టూడియోలో చేరి పెళ్లి వీడియోల మిక్సింగ్ నేర్చుకుంది. కొన్నాళ్లకు ఇంటి ముందు గదిలోనే సొంతంగా మొదలుపెట్టింది. కెమెరాలు తీసిన గంటల కొద్దీ బొమ్మను కత్తిరించి, అతికించి, పాటలు చేర్చి, చివర్లో కంప్యూటర్ చేత అంతా కలిపి ఒక్క వీడియోగా వండించాలి. ఆ వంటనే రెండరింగ్ అంటారు. పెళ్లిళ్లను ఫోన్లలో లైవ్ చూపించే రోజులు వచ్చాక అదీ నేర్చుకుంది. గంగవరం నుంచి కుప్పం దాకా ఈ రెండు పనులకూ ఆమెను పిలిచేవాళ్లు.

మూడోది ఆట. లారీ నడిపే ఆట.

బల్లకు బిగించిన స్టీరింగ్, కింద బ్రేకు, యాక్సిలరేటర్. ఎవరో విసుగొచ్చి అమ్మేసుకున్న సెట్టు. చేతిలో పని అయిపోగానే అత్త చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చెప్పులు విడిచి కూర్చునేది. తెర మీద ఏదో చలి దేశపు రోడ్లు. ఆ ఊళ్ల పేర్లు నోరు తిరగవని వాటికి మన పేర్లే పెట్టుకుంది. ఒక మలుపు దగ్గర, నిమ్మనపల్లె వచ్చేసింది అనేది. పొడుగాటి దిగుడు ఒకటుంటే దానికి మొగిలి ఘాట్ అని పేరు. అక్కడికి వచ్చేసరికి గేరు తగ్గించి, మాటలు ఆపేసి, లోడు లారీని మెల్లగా దించేది. ఆ సమయంలో నేను కూడా మాట్లాడకూడదు. కిందికి చేరాక ఒకసారి హారన్ కొట్టి, అప్పుడు నా వైపు తిరిగి ఏం తిన్నావని అడిగేది.

మొగుడు లారీలో పోతే పెళ్లాం లారీ ఆట ఆడుతుందా అని చుట్టుపక్కల వాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మా నాన్నకైతే తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. అత్త స్టీరింగ్ వదలకుండానే చెప్పింది.

"మీ బావ పోయిన బాధ వేరేరా. నాకు లారీ తోలల్లని ఉండేది వేరే. పెండ్లైన కాడ్నించి అడిగినా, ఒక్క దినము గూడా స్టీరింగ్ పట్టనీలేదు ఆయప్ప. ఆ రెండూ తీస్కపోయి కలపొద్దు."

నాన్న తర్వాత ఆ మాట ఎత్తలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు.

ఇంతలో పాత కంప్యూటర్ ముసలిదైపోయింది. రెండరింగ్ పెడితే పొద్దుగూకే దాకా మూలుగుతూ ఉండేది. లైవ్‌లో బొమ్మ నిలిచిపోయేది. ఆటలో లారీ ఊళ్లోకి వచ్చిందంటే చాలు, ఎక్కిళ్లు పట్టినట్టు ఆగి ఆగి కదిలేది. కొత్తది కట్టించుకోవడానికి అత్త మదనపల్లెలో కంప్యూటర్ అంగడికి వచ్చింది. నేను ఆ ఊళ్లోనే ఉంటాను కాబట్టి నేనూ, అక్క ఒక్కతే అంగట్లో బేరమాడడమేంటని నాన్నా తోడు వెళ్లాం.

అంగడాయన ఓపిక గలవాడు, విషయం తెలిసినవాడు. మిగతావి తర్వాతైనా మార్చుకోవచ్చు, ముందు ప్రాసెసర్ సంగతి తేల్చుకోండి అని రెండు పెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు. మొదటిదాంట్లో కోర్లు ఎక్కువ. కోరు అంటే ఒక కూలి మనిషి అనుకోమన్నాడు. మంది ఎక్కువుంటే రెండరింగ్ లాంటి పెద్ద పనిని పంచుకుని గబగబా కానిచ్చేస్తారు. రెండోదాంట్లో మనుషులు తక్కువే గానీ పక్కనే పెద్ద గూడు ఉంటుంది, కావలసింది వెతుక్కోకుండా చేతికి అందుతుంది. ఆటలు తొణక్కుండా నడిచేది అందుకే. లైవ్ పంపే బరువు చాలావరకు గ్రాఫిక్స్ కార్డే మోస్తుంది, దానికి బెంగ పడొద్దన్నాడు. చివరికి, మిక్సింగ్ చేసేవాళ్లకైతే మొదటిదే, ఆలోచించే పనే లేదు అని తేల్చాడు. నాన్న వెంటనే ఆ పెట్టెను తన వైపు జరుపుకున్నాడు.

"మరి ఆట?" అంది అత్త.

ఇంట్లో పిల్లలు ఆడతారా అని ఆయన అడిగాడు. నేనే ఆడతానంది. ఆయన మా నాన్న ముఖం చూశాడు. నాన్న నేల చూశాడు. "ఈ వయసులో నీకాట యాలక్కా, పని జరిగితే సాలదా" అన్నాడు మెల్లగా.

అత్త గొంతు పెంచలేదు.

"రెండరు పెండ్లోళ్ల పని. లైవు వాళ్ల సుట్టాల పని. మూడో పని నాది. నేను కొనేదాంట్లో నా పనే లెక్కలో ల్యాకుంటే ఎట్లరా?"

అంగట్లో ఎవరికో కట్టిపెట్టిన కంప్యూటర్ ఒకటి ఉంది, రెండో రకం ప్రాసెసర్‌తో. దాంట్లో తన ఆట వేసి చూపించమంది. స్టీరింగ్ లేదు, కీబోర్డు మీదే తోలింది. వానలో, బండ్లు కిక్కిరిసిన ఊళ్లోకి లారీని పోనిచ్చి, వెనక పెట్టెతో సహా రివర్సులో ఒక ఇరుకు సందులో పెట్టింది. ఎక్కడా ఎక్కిళ్లు లేవు. మౌసు కొనడానికి వచ్చిన కాలేజీ పిల్లలు వెనక చేరి కదలకుండా చూశారు. నాన్న బయటికి పోయి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అదే కంప్యూటర్లో తను తెచ్చుకున్న పెళ్లి వీడియో కూడా రెండరింగ్ పెట్టించింది. మొదటిదానంత వేగం లేదు, కానీ ఇంట్లో ఉన్నదాంతో పోలిస్తే పరుగే. పైగా ఇది తక్కువ వేడెక్కుతుంది, ఎండాకాలం రేకుల గదిలో మీకు అదీ మేలే అన్నాడు అంగడాయన.

"ఇది ఇయ్యప్పా" అంది. పెద్దదైతే వీడియో ఇంకా తొందరగా వస్తుందని ఆయన మరోసారి గుర్తు చేశాడు. అమ్ముడుపోవాలని కాదు, మంచికే. "ల్యాటైతే కూసోని అన్నం తింటాను. ఇన్నాళ్లూ ఆ పాతదానికి కాపలా కాస్తా నిలబడే తింటాంటి" అంది. పుంగనూరు బస్సులో మిగతా సామాను సీటు కింద పెట్టించినా, ప్రాసెసర్ ఉన్న ఆ చిన్న పెట్టెను ఒళ్లోనే పెట్టుకుంది. నాన్న పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

ఆ ఏడు ఆయుధ పూజకు నేను అక్కడే ఉన్నాను. కంప్యూటర్‌కు పసుపు రాసి బొట్లు పెట్టింది. స్టీరింగ్‌కు బంతిపూల దండ వేసింది. లారీ వాళ్లు టైరు కింద పెట్టి తొక్కించినట్టు, బ్రేకు కింద ఒక నిమ్మకాయ పెట్టి కాలితో గట్టిగా తొక్కింది. రసం నా చీర మీద చిందితే పకపకా నవ్వింది. వేలికి కుంకుమ మిగిలింది. పైట చెంగుకు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. నుదుటికి తుడుచుకుని కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. రోజంతా ఆ బొట్టుతోనే తిరిగింది, కూరగాయలకు కూడా అలాగే పోయి వచ్చింది.

కుప్పం పెళ్లి సంగతి కూడా చెప్పాలి. పెళ్లికూతురి అన్న కువైట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. అతని కోసమే లైవ్. వైర్లు అందించడానికి అత్తతో నేనూ వెళ్లాను. అత్త మంటపం పక్కనే బల్ల వేసుకుని, కంప్యూటర్ పెట్టుకుని, కెమెరాల వైర్లు తగిలించింది. ముహూర్తం దగ్గర పడుతుండగా పెళ్లికూతురి పెద్దమ్మ నా పక్కకు వచ్చింది. తాళి కట్టేటప్పుడు ఆయమ్మను భోజనాల హాల్లో కూర్చోమను, ఏమీ అనుకోవద్దను, మా పెద్దవాళ్లు ఒప్పుకోరు, అంది చిన్నగా. అత్తకు వినబడనే వినబడింది.

"నాదేముంది మ్మా, పోతాను. ఈ వైరే ఆడికి రాదు. పీకితే కువైట్లో మీ పిల్లోనికి తెర నల్లగా అయిపోతాది. పీకమంటారా?"

పెద్దమ్మ వైరు చూసింది, పురోహితుణ్ణి చూసింది, వెనక్కి వెళ్లిపోయింది. తాళి పడింది. అత్త ఎడమ చేయి మౌసు మీద ఉంచుకుని కుడి చేత్తో అక్షింతలు వేసింది, అందరికంటే దగ్గర నుంచి. అంతా అయ్యాక వైర్లు చుడుతూ ఆమె సంచి తెరిస్తే అడుగున ఇంకో పెద్ద వైరు చుట్ట ఉంది. భోజనాల హాలేమిటి, బస్టాండు దాకా వచ్చేటట్టుంది. నేను దాన్ని చూడడం ఆమె చూసింది. "అది అవసరానికి" అంది. పుంగనూరు చేరేదాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

ఆమె నాకు ఇచ్చిపోయింది ఒక ప్రశ్న. ఫోన్ చేసినప్పుడల్లా బడి పని, ఇంటి పని అని నేను ఏకరువు పెడితే, అంతా విని, నీ మూడో పని యాడికొచ్చింది పాపా అని అడిగేది. ఇప్పుడు సాయంత్రం పూట బడి మైదానంలో షటిల్ ఆడుతున్నాను. ఇంట్లో అన్నం ఆలస్యమవుతోంది. కానివ్వండి.

దినాల నాడు భోజనాలయ్యాక చుట్టాలు సామాన్ల మాట ఎత్తారు. బీరువా ఒకరికన్నారు, గ్యాసు పొయ్యి ఒకరికన్నారు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి గంగవరం పెద్దాయన, నాన్నకు చిన్నాయన వరస, తీర్పు చెప్పేశాడు. దాన్ని స్టూడియో వాళ్లకు అమ్మేయాలట. ఆ స్టీరింగ్‌ను మాత్రం పాత సామాన్లవాడికి వేసేయాలట, ఇంట్లో ఉంటే మంచిది కాదట. ఆమెను పట్టిన దయ్యం అదేనట. అందరూ నాన్న వైపు చూశారు.

నేను లేచి ముందు గదిలోకి పోయి కంప్యూటర్ వేశాను. క్యాబినెట్ మీద పసుపు ఇంకా అంటుకునే ఉంది. దయ్యాన్ని అమ్మేముందు ఒకసారి చూసిపోండి అన్నాను గట్టిగానే. ఆట తెరిస్తే, అత్త ఆ పొద్దున ఆపిన చోటే వచ్చింది. ఘాట్ పైన, దిగుడు మొదలయ్యే చోట, రోడ్డు పక్కగా లారీ నిలబడి ఉంది. వెనక నిండా లోడు. వాన పడుతోంది. పక్క లైట్లు వెలిగి ఆరుతున్నాయి. కాఫీ తాగి దించుదామనుకున్నట్టుంది.

ఎప్పుడు వచ్చాడో, నాన్న వెనకాల నిలబడి ఉన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బ్రేకు ఏదని అడిగితే చూపించాను. దాని మీద కాలు పెట్టి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, తెర మీది లారీని చూశాడు. కళ్లు తుడుచుకోలేదు. తర్వాత హారన్ ఎక్కడుందని అడిగి, నొక్కాడు. పెళ్లి పాటలు వినడానికి పెట్టుకున్న పెద్ద స్పీకర్లు అవి, వీధి చివరి దాకా వినబడింది. గంగవరం పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, చావు జరిగిన ఇంట్లో ఇదేం పని, నలుగురూ ఏమనుకుంటారని కసిరాడు.

నాన్న వెనక్కి తిరగలేదు.

"ఇది మా యక్క బండి. అమ్మేది ల్యా" అని మళ్లీ నొక్కాడు. ఈసారి చెయ్యి తీయలేదు. గుమ్మంలో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి లోపలికి తొంగి చూస్తున్నారు. తెర మీద వాన పడుతూనే ఉంది, ఘాట్ పైన లారీ లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.