ఏ నీళ్లతో పండిస్తారండి?

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్ల మధ్య మాకు అర ఎకరం మిగిలింది. పాలివాళ్ల మధ్య పంపకాలు తెగక అమ్ముడుపోని ముక్క అది. అందులో మా అత్తమ్మ ఆకుకూరలు పండిస్తుంది. ఏళ్లుగా మార్కెట్‌కే వేసేవాళ్లం. మా ఆయనకు నడుం పట్టేసి మూటలు ఎత్తలేకపోయేసరికి, గేటు బయట బల్ల వేసి మనమే అమ్ముదామని నేనన్నాను. అన్నదాన్ని నేనే కాబట్టి భయమూ నాదే అయింది.

మొదటి రోజు ఏడింటికే పాలకూర, మెంతికూర కట్టలు పేర్చి తడి గోనెపట్టా కప్పాను. మెళ్లో ఐడీ కార్డులతో ఆఫీసులకు పోయేవాళ్లు ఫోన్లు చూసుకుంటూ సాగిపోతున్నారు. పిలవాలంటే సిగ్గేసింది. లోపల కలుపు తీస్తున్న అత్తమ్మ నావైపు చూసినప్పుడల్లా ఆకుల మీద నీళ్లు చల్లుతూ పనున్నట్టు కనిపించాను.

తొమ్మిది దాటాక ఒకామె ఆగింది. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటుందట. మాటను బట్టి కోస్తా వైపు మనిషి.

“ఏ నీళ్లతో పండిస్తారండి? మా పాపకి ఇప్పుడిప్పుడే అన్నం అలవాటు చేస్తున్నాం.”

“బోరు నీళ్లే మేడం,” అన్నాను.

అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఎండలు ముదిరి బోరు తగ్గాక రెండుసార్లు ట్యాంకర్ తెప్పించాం. ఆ నీళ్లు ఎక్కడివో మేము అడగలేదు. ఆమె రెండు కట్టల పాలకూర తీసుకుని వెళ్లింది. మధ్యాహ్నమంతా నాకు ఆ పాపకు ఏమన్నా అయితే అనే ఆలోచనే.

సాయంత్రం అత్తమ్మకు చెప్పాను. మనమూ అదే తింటున్నాం కదా అంది మొదట. కొడవలి కడిగి పక్కన పెట్టాక మళ్లీ అంది: “రేపొస్తే చెప్పెయ్. దాచి అమ్మితే మనకే నిద్ర వట్టది.”

మర్నాడు ఆమె వచ్చింది. పాప బాగుందా అని అడిగాను. బాగుందంది. అప్పుడు ట్యాంకర్ సంగతి చెప్పాను. చేతిలోని కట్టను మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

“నిన్ననే చెప్పాల్సిందండి.”

కోప్పడినా బాగుండేది. మామూలుగా అనేసి వెళ్లిపోయింది.

ఇక ట్యాంకర్ వద్దంది అత్తమ్మ. బోరు పారినన్ని మడులే ఉంచి మిగతావి ఎండనిచ్చాం. దారిన పోయేవాళ్లు ఆగడం మొదలైంది; ఉన్న కొద్ది కట్టలతో ఎనిమిదిన్నరకే బల్ల ఖాళీ అయ్యేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనుదిరుగుతుంటే వీళ్లు మళ్లీ వస్తారో రారోనని ఇంకో దిగులు. రోజూ ఎదురు అపార్ట్‌మెంట్ గేటు వైపే చూసేదాన్ని. పది రోజులు ఆమె కనిపించలేదు.

ఒక శనివారం పాపను ఎత్తుకుని వచ్చి, బోరు చూడొచ్చా అని అడిగింది. అత్తమ్మ మోటారు వేసింది. గొట్టంలోంచి నీళ్లు సన్నగా, ఆగి ఆగి వచ్చాయి.

“ఇంతేనా అండీ?”

“ఇంతే బిడ్డా. గందుకే గీ నాలుగు మడులే ఏసినం.”

ఆమె ఒక మెంతికూర కట్ట మాత్రం తీసుకుంది. పాలకూర ముట్టలేదు. ఎందుకని నేను అడగలేదు. ఆపై శనివారం మళ్లీ వచ్చింది.