మూడు వందలా, రెండు వందల యాభైయా

జనవరి రెండో శనివారం ఉదయం పదిన్నరకు, చెన్నైలో అన్నా సాలై రోడ్డు నుంచి చీలిన ఒక సందులో, పాత కెమెరాలు బాగుచేసి అమ్మే దుకాణం ముందు నేనూ మా ఆవిడా నిలబడి ఉన్నాం. తలుపు ఇంకా తీయలేదు. నా చేతిలో ఒక పట్టిక ఉంది. దాన్ని తయారుచేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

మా ఆవిడ ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసింది. ఆ తరువాత ఆమెకు పక్షులను చూడటం అలవాటైంది. నెలకు రెండు ఆదివారాలు ఒక చిన్న బృందంతో ఎన్నూరు ఉప్పుటేటి దగ్గరకు వెళ్లి నీటి పక్షులను లెక్కపెట్టి వస్తుంది. పక్షుల మీద నాకు ఆసక్తి లేదు గాని, లెక్క అన్న మాట విని నేనూ తోడు వెళ్లడం మొదలుపెట్టాను.

డిసెంబరులో ఒక ఆదివారం ఆమె బురదలో ఒక పక్షిని చూసింది. ముక్కు పొడుగు, కిందికి వంగి ఉంటుంది. అలాంటి ముక్కున్న పక్షులు అక్కడికి రెండు జాతులవి వస్తాయి. తల మీద రెండు నల్లని చారలుంటే అది చిన్న జాతి, అరుదు. చారలు లేకపోతే పెద్ద జాతి. చారలు చూశానని మా ఆవిడ చెప్పింది. బృందాన్ని నడిపే అమ్మాయి విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. చాలా మర్యాదస్తురాలు. "ఫొటో ఉంటే బాగుండేదండీ," అని మాత్రం అని, లెక్క కాగితంలో ఆ పక్షి పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

ఆ గుర్తు మా ఆవిడను నొప్పించింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇతరుల కాగితాల మీద గుర్తులు పెట్టిన మనిషి ఆమె. ఆ పక్షులు ఎండలు ముదిరేలోగా ఉత్తరానికి వెళ్లిపోతాయి. అవి వెళ్లేలోగా తన చేతులతో తాను ఒక స్పష్టమైన ఫొటో తీయాలన్నది ఆమె కోరిక. మా అమ్మాయి కొత్త కెమెరా కొనుక్కొని, తను మొదట నేర్చుకున్న పాత కెమెరాను తల్లికి ఇచ్చింది. దానితో వచ్చిన చిన్న లెన్సుతో తీస్తే పక్షి ఆవగింజంత పడుతుంది. దూరాన్ని దగ్గరకు తెచ్చే జూమ్ లెన్సు ఒకటి కావాలి. కొత్తది మా స్తోమతకు మించినది. కాబట్టి పాతది.

పట్టిక సంగతి చెప్పాలి. ఆ కెమెరాకు సరిపడే పాత లెన్సులలో మాకు అందుబాటు ధరలో ఉన్నవి రెండే రకాలని విచారణలో తేలింది. మొదటిది మూడు వందల మిల్లీమీటర్ల వరకు సాగుతుంది. రెండోది రెండు వందల యాభై వరకే. ఈ అంకె ఎంత పెద్దదైతే దూరపు వస్తువు అంత దగ్గరగా కనిపిస్తుంది. మొదటిదాని బరువు నాలుగు వందల ఎనభై గ్రాములు, కెమెరాకు బిగించే కట్టు లోహం. రెండోది మూడు వందల డెబ్బై అయిదు గ్రాములు, కట్టు ప్లాస్టిక్. పైగా మొదటిదే చవక.

నేను బరువుకు పది మార్కులు కేటాయించాను. ఎంత బరువైతే అంత ఎక్కువ మార్కులు. ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది గాని, ఆనాడు అది సహజంగానే తోచింది. జార్జిటౌనులో మా పెద్దలది ఇత్తడి, రాగి పాత్రల టోకు వ్యాపారం. లెక్కలు రాసింది నేనే అయినా, బిందెను అరచేతిలో ఎత్తి రేకు మందం చెప్పడం నాకు అక్షరాలకన్నా ముందే నేర్పారు. తూకం ఉన్నదే సరుకు. మోసేవాళ్ల సంగతి మా వ్యాపారంలో ఎవరూ ఆలోచించలేదు. పట్టిక చివర ఇంకొక గడి ఉంది. రెండో లెన్సులో, పట్టుకున్న చెయ్యి అదిరితే ఆ అదురును సర్దే గాజు ఒకటి లోపల కదులుతుందట. మొదటిదానిలో అది లేదు. చెయ్యి నిలకడగా ఉంచుకోవడం మనిషి బాధ్యత అనుకొని ఆ గడికి రెండే మార్కులు పెట్టాను. మొత్తం మీద మొదటి లెన్సు పద్నాలుగు మార్కుల తేడాతో గెలిచింది.

పదీ నలభైకి దుకాణదారు వచ్చి తలుపు తీశాడు. యాభై ఏళ్లుంటాయి. మాలాగే ఉత్తర చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాడు.

"రాండన్నా, రాండక్కా. నిన్న ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడింది మీరే కదా?"

"పద్దెనిమిది," అన్నాను.

అతను రెండు లెన్సులూ తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. నేను జేబులోంచి టార్చి, భూతద్దం తీశాను. ఈ ఊరి ఉప్పు గాలికి లెన్సుల లోపల బూజు పడుతుంది. సాలెగూడు దారాల్లా ఉంటుంది. అది ఒకసారి పట్టిందంటే వదలదని చదివాను. రెండు వైపుల నుంచీ వెలుతురు వేసి చూశాను. మొదటిదానిలో మూడు దుమ్ము రేణువులున్నాయి. రెండోదానిలో అయిదు.

"దుమ్ము ఉండాది, బూజు లేదు. దుమ్ము ఫొటోలో పడదన్నా," అన్నాడతను. తరువాత మా ఆవిడ వైపు తిరిగి, "సారు ఏమన్నా ఆఫీసరా అక్కా?" అని అడిగాడు.

"ఆఫీసరైతే ఏదో ఒకటి చేతిలో పెట్టి తప్పించుకోవచ్చు. ఈయన దగ్గర అదీ జరగదు నాయనా," అంది ఆమె.

నేను మొదటి లెన్సును అరచేతిలోకి తీసుకున్నాను. అది నిండుగా కూర్చుంది. రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించి చూశాను.

"అది బిందె కాదండీ," అంది మా ఆవిడ.

"బిందె బరువుంటే నిలబడతాది. లెన్సు బరువుంటే మెడ పట్టుకుంటాది," అన్నాడు దుకాణదారు. "అక్కకైతే ఈ చిన్నదే నయం. రొంబ లేసుగా ఉంటాది, బరువే తెలవదు."

అమ్మేవాడు ఖరీదైనదాన్నే పొగుడుతాడన్నది మా పెద్దల మాట. నేను పరీక్ష పెడదామన్నాను. సందుకు అవతల ఒక దంతవైద్యుని బోర్డు ఉంది. దాని అడుగున వేళలు చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆకాశం మబ్బుగా ఉంది. గుమ్మంలో నిలబడి, మేము తెచ్చుకున్న కెమెరాకు మొదటి లెన్సు బిగించి, దాన్ని పూర్తిగా సాగదీసి నేను పది, ఆమె పది ఫొటోలు తీయాలి. వేళలు చదవగలిగితే ఒప్పు, లేకపోతే తప్పు.

నావి పదింటిలో ఏడు ఒప్పు. ఆమెవి పదింటిలో ఒకటి.

"లెన్సులో లోపం ఉండాది," అన్నాను. "ఒక తూరి పనిచేస్తాది, ఒక తూరి చెయ్యదు. ఈ రకం లోపం కనుక్కోవడం కష్టం. ఇంకో ఇరవై తీస్తే తేలిపోతాది."

దుకాణదారు కెమెరాను మూడు కాళ్ల స్టాండుకు బిగించి, బోర్డు వైపు తిప్పి, తను ముట్టుకోకుండా దానంతటదే తీసేలా పెట్టాడు. మూడు ఫొటోలు. మూడింటిలోనూ వేళలు ముద్రించినట్టు కనిపించాయి.

"మరి ఆమెకెందుకు రాలేదు? మళ్లీ ఆమెనే తీయమను," అన్నాను.

"వద్దన్నా," అన్నాడు, మెల్లగా.

మా ఆవిడ కుడి చెయ్యి బల్ల మీద ఆనించింది. అక్కడ ఒక స్టీలు పళ్లెంలో సన్నని మరలు ఉన్నాయి. ఆమె వేళ్లు దాని అంచుకు తగిలాయి. మరలు చిన్నగా చప్పుడు చేయసాగాయి. ఆమె చెయ్యి తీసేసింది.

"లెన్సుకి ఏమీ లేదు," అంది. "నా చెయ్యే."

"ఎప్పటి నుంచి?" అన్నాను. అంతకన్నా మంచి మాట ఆ క్షణాన నాకు తోచలేదు.

"తేదీ అడగతా ఉండారు, చూడు నాయనా," అంది దుకాణదారుతో. తరువాత నాతో, "వినాయక చవితికి ముందో, తరవాతో. రాసిపెట్టుకోలా. మీకు చెప్పుంటే మీరు రాసిపెట్టుంటారు. పొద్దన ఇన్నిసార్లు, సాయంత్రం ఇన్నిసార్లు అని గీతలు గీసి. నాకది వద్దనిపించింది," అంది.

ఆమె కోపంగా అనలేదు. ఆమె అన్నది నిజమే. నేను అదే చేసి ఉండేవాణ్ని. అది ప్రేమతో చేస్తున్న పనే అని నమ్మి కూడా ఉండేవాణ్ని. ఆ నాలుగు నెలల్లో కాఫీ గ్లాసును ఆమె రెండు చేతులతో పట్టుకోవడం నేను చూశాను. చలికి అనుకున్నాను. చెన్నైలో సెప్టెంబరులో చలి ఎక్కడిది?

"పోదాం రాండి," అంది ఆమె. "ఇంక కెమెరా ఎందుకు. కంటితో చూస్తే చాల్లే."

"కూర్చోండక్కా," అన్నాడు దుకాణదారు. ఒక స్టూలు ముందుకు జరిపాడు. "మా నాయనకీ ఇట్లానే వచ్చింది. ఏడేళ్లు ఈ బల్ల మీదనే పని చేసినాడు, ఆ చేతుల్తోనే. మోచెయ్యి ఆనించేది, ఊపిరి బిగబట్టేది, మర తిప్పేది. మేము చెయ్యి పెట్టబోతే తిట్టేవాడు."

"బాగా తిట్టేవాడా?"

"తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడక్కా."

ఆమె నవ్వి కూర్చుంది. అతను రెండో లెన్సును బిగించి ఇచ్చాడు. మోచేతులు పక్కటెముకలకు ఆనించమన్నాడు. ఒకే ఫొటో తీసి దాని మీద ఆశ పెట్టుకోవద్దని, అయిదేసి వరసగా తీయమని చెప్పాడు. వాటిలో ఒకటో రెండో నిలబడతాయన్నాడు. ఆమె ఇరవై తీసింది. దుకాణదారు కెమెరాను నా చేతికిచ్చాడు. నేను ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాను. నా జీవితంలో ఏ లెక్కనూ అంత భయంగా చూడలేదు.

"ఎన్ని?" అంది ఆమె.

"ఏడు."

"పదికా?"

అవునని చెప్పాలని ఒక క్షణం అనిపించిన మాట నిజం. "ఇరవైకి," అన్నాను.

ఆమె కళ్లు కొంచెం పైకెత్తింది. బడి రోజుల్లో కాగితాలు దిద్దేటప్పుడు అలాగే చేసేది. "ఇరవైకి ఏడంటే నూటికి ముప్పై అయిదు. పాసు," అంది. "ముప్పై అయిదుతో ఎంతమందిని పై తరగతికి పంపలా నేను."

ఆ లెన్సే కొన్నాం. డబ్బులిచ్చేటప్పుడు దుకాణదారు ఒక సలహా చెప్పాడు. గుడ్డ సంచిలో ఒక కిలో కందులు పోసి మూతి కుట్టి, గోడ మీద పెట్టి, దాని మీద లెన్సు ఆనిస్తే స్టాండు కన్నా మేలట. కందుల బదులు పెసలైతే పనికిరాదా అని నేను అడిగాను. ఏ పప్పైనా పరవాలేదు గాని, పురుగు పట్టకముందే వండుకోమన్నాడు.

మరుసటి వారం నరాల వైద్యుని దగ్గరకు వెళ్లాం. ఎన్నాళ్ల నుంచి అని ఆయనా అడిగాడు. ఆమే చెప్పింది, వినాయక చవితికి ముందో, తరువాతో అని. ఆయన అదే రాసుకున్నాడు. మందులు ఇచ్చాడు. నెమ్మదిగా పెరిగేదే గాని తగ్గేది కాదని, చేతులకు పని చెప్పడం మానవద్దని అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఎన్నూరు వెళ్లాం. ఉప్పుటేటి వంతెన పిట్టగోడ మీద ఆమె కందుల సంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనించింది. అవతల విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, కింద నల్లని బురద, బురదలో పక్షులు. అక్కడ మేము ముందు ఆలోచించని చిక్కు ఒకటి వచ్చింది. బరువైన లారీ వెళితే వంతెనే వణుకుతుంది. అదురును సర్దే గాజు కూడా ఆ వణుకు ముందు పనిచేయలేదు. అందువల్ల నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. రెండు దిక్కులా లారీ లేనప్పుడు "ఇప్పుడు" అనడం నా పని. ఆమె ఊపిరి బిగబట్టి అయిదు తీసేది. మళ్లీ లారీ. మళ్లీ ఆగడం. ఎన్ని తీసిందో నేను లెక్కపెట్టలేదు. రోడ్డు మీది నుంచి కన్ను తీస్తే ఆమె ఫొటో పాడవుతుంది.

తొమ్మిది దాటాక ఆమె నన్ను పిలిచి కెమెరా తెర చూపించింది. వంగిన ముక్కు, ముక్కు కొసన బురద, కన్ను. తల మీద ఒక్కొక్క ఈకా తెలుస్తోంది. చారలు లేవు.

బృందం నడిపే అమ్మాయి వచ్చి తొంగి చూసింది. "భలే వచ్చిందండీ," అంది. వెంటనే కొంచెం ఇబ్బందిపడి, "కానీ ఇది పెద్ద జాతేనండీ," అంది.

"చూస్తానే ఉండా కదమ్మా, చారలు లేవు. పెద్దదని రాసుకో," అంది మా ఆవిడ. ఆమె గొంతులో నిరాశ లేదు.

"మరి డిసెంబరులోది? ప్రశ్న గుర్తు తీసేసి దీన్నే రాయమంటారా?"

"ఎందుకు తీసేది? ఆ దినం చూసింది ఆ దినమే, ఈ దినం చూసింది ఈ దినమే. గుర్తు అట్లే ఉండనీ."

ఆ అమ్మాయి రాసుకొని ముందుకు నడిచింది. మా ఆవిడ కందుల సంచిని గోడ మీద రెండు బారల దూరం జరిపింది. అటువైపు బురదలో ఇంకో నాలుగు వంగిన ముక్కులు తిరుగుతున్నాయి. ఒకటి తక్కినవాటికన్నా చిన్నదిగా ఉందని ఆమె అంది. నాకు తేడా తెలియలేదు. ఆమె మోచేతులు పక్కటెముకలకు ఆనించింది.

"లారీ ఏదన్నా వస్తా ఉందా?" అని అడిగింది.

నేను రోడ్డు వైపు తిరిగాను. "రెండు ఉండాయి. ఆగు," అన్నాను.