కరెంటు రాగానే మొదలయ్యే జాబ్

ఆ వార్త నాకు మొదట తెచ్చినది మా మేనత్త. కొనకనమిట్ల దగ్గరి పల్లెలో ఆమెకు గొర్రెలున్నాయి. ఆ ఉదయం ఆటో దిగి మార్కాపురంలో మా ఇంటికి వచ్చి, గడప దగ్గర చెప్పులు విడుస్తూనే అన్నది:

"పాపా, మీ కంపెనీ పెట్టె మాకు నీళ్లియ్యడం మానేసింది. మొన్నటి నుంచి మోటారు తిరగలా."

"కరెంటు రావడంలేదా అత్తా?"

"కరెంటొస్తాంది. పెట్టెలో ఎర్రలైటు మిణుకుమిణుకుమంటాంది. మోటారు మాత్రం ఉలకదు, పలకదు."

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. అక్షరాలు నాయన నేర్పాడు. కంప్యూటరు కూడా ఇంట్లో కూర్చునే నేర్చుకున్నాను. ఇంటి దగ్గరే ఉద్యోగం దొరికినందుకు చెన్నకేశవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. పని ఏమిటంటే, బోరు మోటార్లను నడిపించడానికి బిగించిన సిమ్ము పెట్టెలకు, నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేసి, ఇక్కడి నుంచే పనులు పంపడం. అట్లా పంపిన పనిని జాబ్ అంటారు. పెట్టె నెట్‌లోకి రాగానే తనకోసం జాబ్ ఏదైనా ఉందా అని అడిగి, ఉంటే తీసుకుని చేస్తుంది.

అత్తకు మజ్జిగ ఇచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆమె పెట్టె నంబరు కొట్టి చూస్తే సంగతి తెలిసింది. నగరంలోని ఆఫీసు వాళ్లు అన్ని పెట్టెలకూ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే జాబ్ పంపారు. రైతులు నిద్రపోతుంటారు కదా అని రాత్రి వేళకు పెట్టారు. మా వైపు పొలాలకు కరెంటు వచ్చేదే పగలు కొన్ని గంటలు. అది లేనప్పుడు పెట్టె కూడా చచ్చినట్టే. రాత్రి పంపిన జాబ్ క్యూలో కాచుకుని, పొద్దున కరెంటు రాగానే పెట్టెలో మొదలవుతుంది. అది నడిచినంతసేపూ మోటారుకు తాళం. కొండల పక్కన సిగ్నల్ అంతంతమాత్రం. సాఫ్ట్‌వేర్ సగం దిగేలోపు తెగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఈలోపు కరెంటు పోతుంది. మరునాడూ అదే తంతు.

అత్త మందలో అప్పుడే ఈనిన గొర్రెలున్నాయి. పిల్లలతో వాటిని దూరం చెరువుకు తోలుకుపోలేరు. తొట్టిలో నీళ్లు లేకపోతే తల్లుల దగ్గర పాలు తగ్గిపోతాయి. పెట్టెను తప్పించి మోటారు వేసుకుందామంటే దానికి సీలు ఉంది. సీలు తెంపితే కనెక్షన్ పోతుందని బిగించిన రోజే కంపెనీ వాళ్లు బెదిరించి పోయారు.

మా పై అధికారికి ఫోన్ చేసి, అత్తకు కూడా వినపడేట్టు స్పీకరు పెట్టాను.

"నైట్ పెట్టాం కదా మేడమ్, ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాడాయన.

"రాత్రి ఇక్కడ పెట్టెలకు కరెంటే ఉండదు సార్. జాబ్ పగలు నడుస్తోంది. క్యాన్సిల్ చేయించండి."

"స్క్రీన్ మీద ఇన్ ప్రోగ్రెస్ అని చూపిస్తోందిగా. అంటే నడుస్తున్నట్టే. సోమవారం మీటింగులో చూద్దాం. ఇంతకీ పంట ఏమిటి?"

"పంట కాదు సార్, గొర్రెలు."

ఆయన చిన్నగా నవ్వాడు. "గొర్రెలేగా, ఎక్కడో ఒకచోట తాగేస్తాయి."

అత్త ఫోను వైపు వంగింది. "నాయనా, నువ్వు సోమవారం దాకా నీళ్లు ముట్టకుండా ఉండు. గొర్రెలకు నేను సర్దిచెప్పుకుంటాలే."

ఆయన నాతో అన్నాడు: "మీ బంధువులదైతే ఆ ఒక్కటి ఆపుకోండి మేడమ్. పెట్టె పాడైతే బాధ్యత మీదే."

"మిగతావాళ్లవి?"

"కంప్లయింట్ వస్తే చూద్దాం."

ఆ మాటకు నా ఒళ్లు మండింది. కంప్లయింట్ పెట్టాలంటే ఇంగ్లీషు యాప్‌లో పెట్టాలి. గొర్రెల వెంట తిరిగేవాళ్లు ఎవరు పెడతారు? మేనకోడలు కంపెనీలో పనిచేస్తేనే నీళ్లా?

మామూలు క్యాన్సిల్ కమాండ్ ఇంకా మొదలుపెట్టని జాబ్‌నే ఆపుతుంది. అత్త పెట్టె ఎప్పుడో మొదలుపెట్టేసింది. దాన్ని బలవంతంగానే ఆపాలి.

"అత్తా, ఇది కొడితే పని సగంలో తెగి, పెట్టె మళ్లీ లేవకపోవచ్చు."

"ఇప్పుడు లేచి ఏం ఉద్ధరిస్తాందంట? కొట్టు."

స్వామిని తలుచుకుని ఎంటర్ నొక్కాను. పెట్టెకు అది అందేది మళ్లీ కరెంటు వచ్చాకే. అత్త మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. మరునాడు పొద్దున కరెంటు వచ్చే వేళ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆమే చేసింది. వెనక నీళ్లు పడుతున్న చప్పుడు.

"తాగుతాండాయి పాపా," అన్నది. మళ్లీ తనే, "ఒక పిల్ల దక్కలా. తల్లికి పాలు ఎండిపోయినాయి," అన్నది.

అదే మాట మా పై అధికారికి చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. సాయంత్రానికల్లా అన్ని పెట్టెల్లోనూ జాబ్ రద్దయింది. తర్వాత వచ్చిన రిపోర్టులో మాత్రం, సిగ్నల్ బలహీనంగా ఉండటం వల్ల కొద్దిపాటి అంతరాయం కలిగిందని రాశారు. మా కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ అడగలేదన్న సంగతి అందులో లేదు. ఈ ఉద్యోగం నాకు అన్నం పెడుతోంది, ఆ కృతజ్ఞత నాకుంది. అది ఉన్నందుకు ఆ రిపోర్టు రాతను ఒప్పుకోవాలంటే మాత్రం నా వల్ల కాదు. ఆ మాటే వాళ్లకు తిరిగి రాశాను. జవాబు రాలేదు.

నీళ్లు లేని ఆ రోజుల్లో మా అత్త ఎవరి చేలోనో ఉన్న బావి నుంచి బిందెలు చంకన పెట్టుకుని మోసింది. మొదటి బిందె ఈనిన గొర్రెలకు పోసి, ఇంట్లోకి చివరిది తెచ్చుకున్నది. రిపోర్టులో ఆమె వట్టి పెట్టె నంబరు. ఇది చదివినవాళ్లయినా ఆమెను గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో దీపం పెట్టే వేళ, పేరు తెలియకపోయినా, ఒక్కసారి తలుచుకోండి.