పిలవకుండా వచ్చే ఆదివారం

ఈమధ్య మదనపల్లెలో మా వీధి చివర ఖాళీ జాగాలో ఎవరో రేకుల షెడ్డు వేసి, లోపల పచ్చటి చాప పరిచి షటిల్ కోర్టు పెట్టారు. వానలు వెనకబట్టాయి కాబట్టి కొత్త సీజను మొదలవుతుందట. రేకుల కింద ఆడేవాళ్ళకు వానలతో పనేమిటో నాకైతే బోధపడలేదు. అక్కడ ఆడే కుర్రాళ్ళనూ, నాలాగా పింఛను తింటూ కూర్చున్నవాళ్ళనూ కలిపి ఫోనులో ఒక గ్రూపు చేశారు. నిన్న తెల్లవారకముందు నుంచీ అందులో ఒకటే గోల, అందరూ తప్పక రావాలని ఒకరు, ఎవరెవరు వస్తున్నారో వేలు పైకెత్తిన బొమ్మ పెట్టమని ఇంకొకరు. అది చాలదన్నట్టు ఒకబ్బాయి నాకే ఫోను చేసి, "సార్, మీరు ఆడకపోయినా ఏం పర్లేదు, ఆడ కుర్చీ ఏస్తాము, ఊరికే వచ్చి కూసోండి సార్" అన్నాడు. వస్తానన్నాను గానీ పోలేదు. ఇంట్లో అడిగితే నెపం మోకాళ్ళ మీదికి నెట్టేశాను. అసలు సంగతేమిటంటే, సీజను మొదలయ్యే రోజున రమ్మని నన్ను ఒకరు పిలవడం ఈ జన్మలో ఇదే మొదలు, ఆ పిలుపు విన్నాక నాకు గడప దాటబుద్ధి కాలేదు.

నా ఈడువాళ్ళకు బాల్ బ్యాడ్మింటన్ గురించి చెప్పనక్కరలేదు. పసుపుపచ్చ ఉన్ని బంతి, పేగుల తీగ బిగించిన బ్యాటు, అటు అయిదుగురు ఇటు అయిదుగురు, పైన ఆకాశం. అప్పట్లో నేను పుంగనూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసేవాణ్ణి. ఆసుపత్రి వెనక జాగాలోనే మా కోర్టు. అవతలి పక్క ఎప్పుడూ ఊరి కుర్రాళ్ళే, మా జట్టులో అయిదుగురం. ఊళ్ళోనే టైలరు అంగడి పెట్టుకున్న మా చిన్నాయన, హైస్కూల్లో డ్రిల్లు అయ్యవారిగా ఉండిన మా ఆవిడ తమ్ముడు, మదనపల్లె టమాటా మండీలో పనిచేసే మా అక్క మొగుడు, అంటే మా బావ, నేను, అయిదో ఆయన రామకుప్పం అన్న. ఈయనతో నాకు చుట్టరికం లేదు. మదనపల్లె కాలేజీ హాస్టల్లో నాకంటే ఒక క్లాసు ముందు చదివాడు, అప్పటి నుంచీ నాకు అన్నే. చదువైపోయాక రామకుప్పం పక్క పల్లెలో రాగి చేనూ, నాలుగు ఆవులూ చూసుకుంటూ, ప్రతి ఆదివారం తొలి బస్సెక్కి, పలమనేరులో బస్సు మారి, మాకంటే ముందే కోర్టు దగ్గరికి వచ్చి వేపపుల్ల నములుతూ నిలబడి ఉండేవాడు. నడిమధ్య ఆయన నిలబడితే వెనక ఎవరున్నారో చూసుకునే పని ఉండేది కాదు. అంత పొడుగు చేతులు నేను మళ్ళీ ఎవరికీ చూడలేదు.

మా పక్క పెద్ద వానలన్నీ దీపావళికి అటూ ఇటూ పడతాయి కదా, ఆ రెండు నెలలూ ఆట బందు. కార్తీకం పోయాక వచ్చే మొదటి ఆదివారం మా సీజను మొదలు. ఆ పొద్దు ఆడేది తక్కువ, చేసే పని ఎక్కువ. మోకాలెత్తు పెరిగిన గడ్డి చెక్కి, గరుసుమట్టి పోసి, ఆసుపత్రిలో పేడకు కొదవ లేదు కాబట్టి కళ్ళాపి చల్లి, సున్నంతో గీతలు గీసేసరికి ఎండెక్కేది. ఆ తరవాత ఒకే ఒక ఆట, మా అక్క పంపిన చిత్రాన్నం, బోలెడన్ని తిట్లు. తిట్లంటే నిజం తిట్లు కావు, రెండు నెలలు ఆడకపోయేసరికి ఎవరి పొట్ట ఎంత పెరిగింది, ఎవరి చెయ్యి ఎంత మొద్దుబారింది అని లెక్క తీసి మరీ ఏడిపించుకోవడం. బంతి వదిలినవాణ్ణి మెచ్చుకున్న పాపాన ఏ రోజూ ఎవరం పోలేదు.

ఇక మేం పెట్టుకున్న ఒక కట్టుబాటు సంగతి చెప్పాలి. దానికి మూలం మా బావ. అల్లుడి హోదా ఆయనకు కోర్టులో కూడా కావాలి. ఒక ఏడు తొలి ఆదివారం రాలేదు. ఏమిటా అని డ్రిల్లు అయ్యవారు మదనపల్లె దాకా పోతే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వసారాలో కూర్చునున్నాడట, మర్యాదగా పిలవలేదని అలక. ఆ పూటకు బతిమాలి తెచ్చుకున్నాం గానీ, మా చిన్నాయనకు ఒళ్ళు మండింది. కత్తెర పట్టే మనిషి, మాట కూడా అట్లాగే తెగ్గొట్టి మాట్లాడేవాడు. "పిలిస్తే వచ్చేదానికి ఇది పెళ్ళా, పేరంటమా? ఈ పొద్దు మొదలు ఎవురూ ఎవుర్నీ పిలిసేదిల్లే. వచ్చినోడు మనోడు" అన్నాడు. అందరం నవ్వి సరేనన్నాం, అందరికంటే గట్టిగా రామకుప్పం అన్నే నవ్వాడు. అప్పటి నుంచీ అది మా గొప్ప. ఉత్తరం లేదు, కబురు లేదు, ఆ ఆదివారం పొద్దున అయిదుగురు మనుషులు మూడు దిక్కుల నుంచి వచ్చి ఒకే చోట నిలబడతారు. ఊళ్ళో వాళ్ళకు చెప్పుకుని మురిసేవాళ్ళం. అట్లా ఏడెనిమిదేళ్ళు నడిచింది.

ఆ తరవాతి ఏడు రామకుప్పం అన్న రాలేదు. తొలి ఆదివారం గీతలు గీయడం అయిపోయాక కూడా పలమనేరు బస్సు వచ్చే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. మా బావకు మంచి అదను దొరికింది, ఇంతకాలం తనను ఏడిపించారు కదా, "సూడండప్పా, ఈయనకు ఇప్పుడు పల్లకీ పంపాలంట" అన్నాడు. మళ్ళీ ఆదివారం కూడా రాలేదు. ఒక కార్డు ముక్క రాద్దామా అని నేను నసిగితే చిన్నాయన ఒప్పుకోలేదు, ఆయనకు ఒక న్యాయం బావకు ఒక న్యాయమా అన్నాడు. అది నిజమే అనిపించింది. నలుగురం ఆడుతూ, అన్న ఉండవలసిన నడిమి చోటును ఖాళీగా వదిలి, అక్కడ పడిన బంతికల్లా ఆయన పేరు పెట్టి తిట్టాం.

మూడు వారాలు గడిచాక గాలికుంటు టీకాలకని మా ఆసుపత్రి జీపులో నన్ను కుప్పం పక్కకు పంపించారు. రామకుప్పం దాటిన ఒక పల్లెలో మధ్యాహ్నం దాకా ఆవులకూ ఎద్దులకూ సూదులు వేసి తిరిగి వస్తుంటే, అన్న వాళ్ళ ఊరికి చీలే మలుపు వచ్చింది. అక్కడ చింతచెట్టు నీడలో డ్రైవరు జీపు ఆపి రేడియేటరులో నీళ్ళు పోశాడు. రెండు మైళ్ళ దారి, అటూ ఇటూ కోసిన రాగి చేలు. పోదామా అనుకున్నాను. పోయి ఆయన ముందు నిలబడితే అది పిలవడం కాక మరేమవుతుంది? చిన్నాయనకు తెలిస్తే ఊరుకుంటాడా? అన్ని మాటలకంటే ముందు నాలో కూడా కొంచెం కోపం ఉందని ఒప్పుకోవాలి, ఇంత స్నేహం పెట్టుకుని ఒక మాట చెప్పకుండా మానేస్తాడా అని. దారిన పోయే వాళ్ళను అడిగినా సరిపోయేది, అదీ అడగలేదు. నీళ్ళు పోయడం అయిపోయింది, జీపెక్కి కూర్చున్నాను.

ఇంకో నెలకు పైగా గడిచాక ఆ ఊరి రైతొకాయన పుంగనూరు ఆవును కొనుక్కుని, చూపించుకుపోదామని మా ఆసుపత్రికి వచ్చాడు. ఊరి పేరు వినగానే అన్న ఎట్లా ఉన్నాడని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఆయప్ప చెయ్యి ఇరిగి రెండు నెల్లాయ కదా సార్. మీ స్నేహితుడే కదా, మీకు తెలీదా?"

ఆ ఆదివారం మేం నలుగురం కోర్టుకు కాకుండా రామకుప్పం పోయాం. జరిగిందేమిటంటే, కార్తీకం ఆఖరున చేను కోతకు వచ్చిన రోజుల్లో అడవిలోంచి ఏనుగులు దిగాయి. తెల్లవారుజామున అవి వెళ్ళిపోయాయనుకుని అన్న మంచె దిగాడు. ఒకటి మాత్రం ఇంకా చేనులోనే ఉంది. పరుగెత్తి, రాతికట్ట మీద నుంచి పడి, కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పక్క ఊళ్ళో ఎముకలు కట్టే ముసలాయనొకడు ఆకుపసరు రాసి వెదురుబద్దలు కట్టాడు. చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, భుజం దాకా కూడా లేవదు. మమ్మల్ని చూడగానే అన్న ఎప్పటిలాగే నవ్వాడు, నిష్ఠూరం ఆడలేదు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టలేదు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే వదిన నీళ్ళు పోస్తూ చెప్పింది. "పోయిన నెల మీ జీపు మలుపు కాడ నిలబడుండాదని పిల్లోళ్ళు సెప్పినారప్పా. నువ్వే వస్తాండావని, మంచం వసారాలోకి ఏయించుకున్నాడు. పొద్దు గూకే దాకా ఆడే కూసున్నాడు. లోపలికి రమ్మంటే ఇంటేనా." ఆమె నన్ను నిందించాలని చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చేతిలో పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోయాయి.

మర్నాడే ఆయన్ను మదనపల్లె పెద్దాసుపత్రికి తెచ్చాం. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఒక నెల ముందు తెచ్చి ఉంటే సరిచేసి కట్టేవాళ్ళమనీ, ఇప్పుడు కదిలిస్తే ఉన్నదీ పోతుందనీ చెప్పాడు. ఒక నెల ముందు నేను ఎక్కడున్నానో నాకు తెలుసు. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు, చిన్నాయనకు కూడా. ఆయన అప్పటికే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తన కట్టుబాటును తానే తిట్టుకుంటున్నాడు.

మరుసటి ఏడు తొలి ఆదివారం అన్న వచ్చాడు. ఎవరూ పిలవలేదు, తొలి బస్సుకే వచ్చాడు. మా సంతోషం ఇంతా అంతా కాదు. ఎడమ చేత్తో గడ్డి చెక్కాడు, సున్నం పోశాడు, ఆఖరికి ఎడమ చేత్తోనే బ్యాటు పట్టుకుని తన నడిమి చోట్లో నిలబడ్డాడు. మొదటి బంతి తగల్లేదు. రెండోది బ్యాటు అంచుకు తగిలి కాళ్ళ ముందే పడింది. అప్పుడు మేం చేసిన పని ఏమిటంటే, చప్పట్లు కొట్టాం. నలుగురమూ ఒక్కసారే, భలే, చాలా బాగా కొట్టావన్నా అని మెచ్చుకున్నాం. అన్న బ్యాటు వైపు చూసుకున్నాడు, తరవాత మా నలుగురి ముఖాలూ చూశాడు. ఎప్పుడూ తిట్టించుకున్న మనిషి, ఆ పొద్దు మా నోట్లో నుంచి ఒక్క తిట్టు కూడా రాలేదు. ఆట అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నాడు, చిత్రాన్నం తిన్నాడు, బస్సెక్కాడు. ఆ తరవాత ఇంక రాలేదు.

ఆ పై ఏడు మేమే కట్టుబాటు తీసి గట్టున పెట్టి, నలుగురం పోయి పిలిచాం. చిన్నాయన అయితే చేతులు పట్టుకుని మరీ బతిమాలాడు. అన్న మాకు రాగిసంగటీ, నాటుకోడి పులుసూ పెట్టించాడు, దగ్గరుండి వడ్డించాడు. వస్తావా రావా అని గట్టిగా అడిగితే చిన్నాయన ముఖంలోకి చూసి, "నువ్వే కదా చిన్నాయనా సెప్పినావు, పిలిస్తే వచ్చేది కాదు ఇది అని" అన్నాడు. కోపంగా అనలేదు. మాకు తినబుద్ధి పుట్టలేదు, ఆయన బాధపడతాడని తిన్నాం.

నలుగురితో ఒక రెండేళ్ళు ఈడ్చాం. తరవాత డ్రిల్లు అయ్యవారికి వేరే ఊరికి బదిలీ అయింది. చిన్నాయన పోయాడు. మా బావకు కంటి చూపు తగ్గి, ఇప్పుడు టీవీకి చెవి పెట్టి వింటాడు. ఆసుపత్రికి కొత్త కట్టడం వచ్చింది, కోర్టు ఉన్న చోట మందుల గది కట్టారు. అన్న ఉన్నాడు, రామకుప్పం పక్కనే, మనవల దగ్గర. ఆయనకూ ఫోనుంది. నెలకోసారి మాట్లాడుకుంటాం, వానల గురించి, ఆవుల గురించి, ఏనుగులు ఈ ఏడు ఎంత దూరం వచ్చాయన్న దాని గురించి. ఆ జీపు సంగతి ఎత్తాలని ఎన్నోసార్లు గొంతు సవరించుకున్నాను. ఎత్తబోయిన ప్రతిసారీ ఆయనకు ఎట్లా తెలిసిపోతుందో, "ఆరోగ్యం జాగర్తప్పా" అని పెట్టేస్తాడు.

ఈ కాలపు పిల్లలను చూస్తే నాకు కొంచెం నవ్వూ, చాలా అసూయా. వీళ్ళకు పట్టింపులు లేవు, ఒకడు రాకపోతే అయిదు నిమిషాల్లో పది ఫోన్లు పోతాయి, ఇంకో అయిదు నిమిషాల్లో ఎవడో బండి వేసుకుని వాడి గడప ముందు హారను కొడుతుంటాడు. అంత చవకైన పని మాకు చేతకాలేదు. ఆ మలుపు నుంచి ఇప్పుడు తారు రోడ్డు పడిందట, కారులో నాలుగు నిమిషాలట, అన్నే చెప్పాడు. చెప్పి, రమ్మని మాత్రం అనలేదు.