వహీద్ గరుకు రాత

మర్రిగూడలో ఏ గోడ చూసినా వహీద్ రాతే. సర్కస్ వచ్చినా, ఎలక్షన్లు వచ్చినా అతన్నే పిలిచేవారు. దుకాణం బోర్డులకు మాత్రం ఎవడూ పిలవలేదు. వాటికి నల్లగొండ నుంచి నున్నగా, నీడలు దిద్ది రాసే పెయింటర్లు దిగేవారు.

వహీద్ అక్షరం నున్నగా ఉండదు మరి. ఈతకొమ్మ చివరను రాయితో చితగ్గొట్టి, పీచు తేల్చి, అదే కుంచె అనేవాడు. ఎర్రమట్టి రంగు జాజులో ఒక్కసారి ముంచితే, రంగు అయిపోయేదాకా చెయ్యి ఎత్తేవాడు కాదు. అక్షరం చిక్కగా దిగి, తోకకొచ్చేసరికి ఎండి, చీలి, గోడ గరుకంతా బయటపెట్టేది. తలకట్టంటే ఒక్క దెబ్బ. అంతే.

"ఏం రాతనే భాయ్, పందికొక్కు గీకినట్టు!" అని హోటల్ లచ్చయ్య ఎగతాళి చేసేవాడు.

"గీకితేనే కానొస్తదన్నా" అనేవాడు వహీద్.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, పడమటి వాడ బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తేలింది. ‘ఈ నీరు త్రాగుటకు పనికిరాదు’ అని తెల్లని అక్షరాల రేకు ఒకటి సర్కారువాళ్లు బోరింగుకు కట్టిపోయారు. ఆడవాళ్లు ఆ రేకు మీద, తలపై బిందె కింద పెట్టుకునే చుట్టబట్టలు ఆరేసుకున్నారు. నీళ్లు తాగుతూనే ఉన్నారు.

వహీద్‌కు అదే ఫికర్. బోరింగు పక్కింటి నర్సింగమ్మకు ఆ నీళ్లకు అప్పటికే మోకాళ్లు వంగవు. ఆమె మనవరాలు పుష్ప అప్పుడప్పుడే నడక నేర్చింది. ఆ పిల్ల కాళ్లు కూడా అట్లా అవుతుంటే అతను చూడలేడు.

"చెరువు కింది బాయి నీళ్లు తెచ్చుకోరాదే అవ్వా" అని ఎన్నిసార్లు చెప్పినా ఒకటే జవాబు.

"పెండ్లై వచ్చినకాడికెల్లి గీ నీళ్లే తాగుతున్న. సచ్చిన్నారా?"

ఒక పొద్దున, ఎవరూ పిలవకుండానే, వహీద్ జాజు డబ్బాతో వచ్చి బోరింగుకు ఎదురుగా ఉన్న ఆమె గోడ మీదనే మొదలుపెట్టాడు. ఒక్కటే మాట, మనిషెత్తు: తాగొద్దు. కుంచె పీచు ఊడేదాకా అదిమి రాశాడు.

బిందెతో బయటికొచ్చిన నర్సింగమ్మ ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు.

"ఓ వహీదూ! నా గోడమీద ఎవల్ని తిడ్తున్నవురా?"

"ఎవల్ని తిట్టలేదవ్వా."

"నాకు కండ్లు లేవనుకున్నవా? గా ఎర్రగీతలు మీదికొస్తున్నయ్. కడుపు మండినోడు రాసినట్టున్నది. ఏమున్నది అండ్ల?"

"తాగొద్దు అని. పుష్పకు తాపొద్దు అని."

"ఒక్క మాటకు గింత గట్టిగ ఒర్రాల్నా?"

"రేకు మెల్లగ చెప్పె. ఇన్నవా మరి?"

ముసలమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఎండిపోయి చీలిన ఆ చివరి అక్షరం తోకను వేలితో తడిమింది. వేలికి అంటిన జాజును కొంగుకు తుడుచుకుంది. బోరింగు వైపు చూసింది, ఇంట్లో కేరింతలు కొడుతున్న పిల్ల వైపు చూసింది. చంకలోని బిందె తీసి అతని చేతుల్లో కుక్కింది.

"నడువు బాయికాడికి. ఒర్రినోనివి నువ్వే, మోసేటోనివి నువ్వే."