మూడు ప్లేట్ల డ్రాబారు

చేతిలో డిప్లొమా సర్టిఫికెట్ కొత్తగా ఉన్న రోజుల్లో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. నాకూ ఉండేది కాదు. నరసరావుపేటలో మెకానికల్ చదివి ఊరికి తిరిగొచ్చిన ఆ ఏడాది నా నడక, నా మాట, ఆఖరికి టీ గ్లాసు పట్టుకునే తీరు కూడా ఇంజినీరుదే. ఉద్యోగం మాత్రం లేదు. (అంత చిన్న విషయాన్ని నేను పట్టించుకోలేదు.) ఎవరి చేలో మోటారు ఆగినా నేను వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, "దీని డిజైన్లోనే లోపం ఉంది" అని తేల్చి వచ్చేసేవాణ్ణి. ఆ తర్వాత వాళ్ళు మెకానిక్కుని పిలిపించుకునేవాళ్ళు. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఒక్కరోజు మళ్ళీ అలా బతికితే బాగుండుననీ అనిపిస్తుంది.

నన్ను నిజంగానే ఇంజినీరని నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే, మా బాబాయి. ఆయనకి ఒక ట్రాక్టరుండేది, ఒక కోరికుండేది. ఏటా శివరాత్రికి మా ఊరి ప్రభ కోటప్పకొండ తిరణాలకి పోతుంది. వెదుర్లతో మేడంత ఎత్తున కట్టి, గుడ్డలు చుట్టి, లైట్లు బిగించి, ఇనప బండి మీద నిలబెట్టి, ట్రాక్టరుతో లాక్కెళతారు. ఆ లాగే ట్రాక్టరు ఏళ్ళ తరబడి పైవీధి మామయ్యదే. (మామయ్య అన్నది ఊరి వరస. మా బాబాయికీ ఆయనకీ క్షణం పడేది కాదు. పోటీ మీద ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే కంపెనీ, ఒకే రంగు బండ్లు కొన్నారు.) ఆ ఏడు పెద్దమనుషులు కూర్చుని, ఈసారి మా కిందివీధికి అవకాశం ఇద్దామని తేల్చారు. కబురు తెలిసిన పూట బాబాయికి సంతోషంతో అన్నం సహించలేదు. "ఒక్కసారి లాగితే చాలురా అబ్బాయ్. కొండ కిందికి మన బండి ప్రభని లాక్కెళ్ళి నిలబెడితే, ఆ తర్వాత నాకింకేం వద్దు" అన్నాడు.

చిక్కంతా డ్రాబారుతో వచ్చింది. ట్రాక్టరు వెనక అడుగున పొడుచుకొచ్చే ఇనప పట్టీ అది. చివర బెజ్జం ఉంటుంది. వెనక తగిలించే ట్రక్కుకి ముందువైపు నోరులాగా రెండు దవడలుంటాయి. వాటి మధ్యలోకి బారు దూరిస్తే, పైనుంచి పిన్ను వేస్తారు, అంతే. దుర్గి నుంచి రాళ్ళు తోలీ తోలీ మా బండి బారు వంగిపోయింది. దాంతో ప్రభ లాగితే నడిరోడ్డు మీద విరుగుతుందని, గట్టిది వేయించుకోమని పెద్దమనుషులు షరతు పెట్టారు. కొట్లో తయారుగా దొరుకుతుందని ఎవరో చెప్పబోతే బాబాయి మండిపడ్డాడు. "ఇంట్లో ఇంజినీర్ని పెట్టుకుని కొట్టుకి పోతానా?"

ఇంకేం కావాలి నాకు! రెండు రోజులు కూర్చుని గ్రాఫు కాయితం మీద పైనుంచొకటి, పక్కనుంచొకటి బొమ్మలు గీశాను. అంగుళంపావు మందం అని రాసి, మూలన సంతకం చేసి, దాని కింద 'ఇంజినీరు' అని కూడా రాసుకున్నాను. పేటలో వెల్డింగు షాపాయన, మేం నల్లద్దాలాయన అనేవాళ్ళం, ఆ కాయితం చూసి బాగుందనే అన్నాడు. బాగాలేదన్నది బాబాయే.

"ఇంతేనా? బొటనేలంత లేదు. ప్రభంటే ఏందనుకున్నావ్? ఇంకో ప్లేటు ఎయ్యండి దాని మీద."

వేశారు. బాబాయి దాన్ని చేత్తో తడిమి, కాలితో తన్ని చూసి, "కింద కూడా ఒకటి" అన్నాడు. నల్లద్దాలాయన అద్దాలు నుదుటి మీదికి నెట్టి నావైపు చూశాడు. "ఏమయ్యా, ప్రభ బండి నోరు ఎంత ఎడముందో కొలిచారా?" అని అడిగాడు. అసలు ప్రశ్న అది. కొలవలేదు. ప్రభ బండి ఉన్నది పైవీధి మామయ్య కొట్టంలో. "వాడి గుమ్మం తొక్కి, వాడి ముందు వంగి కొలుచుకోవాలా? పుట్టినకాడ నుంచి చూస్తన్నా ఆ బండిని. నాకు తెలవదా?" అన్నాడు బాబాయి. మరి చదువుకున్నవాణ్ణి నేనేమన్నాను? "బలం ఎక్కువైతే నష్టమేం లేదండీ" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే అరచేత్తో నుదురు కొట్టుకుంటాను.

ట్రాక్టరుకి బిగించే వైపు పాతదాని కొలతే ఉంచాం కాబట్టి ఇంటికి తెచ్చాక అక్కడ చక్కగా కూర్చుంది. మన ట్రక్కుకే ఒకసారి తగిలించి చూద్దామని నేను అనకపోలేదు. బాబాయి నన్ను ఎంత అపచారం మాట్లాడావన్నట్టు చూశాడు. "పేడ తోలే ట్రక్కుకా? కొత్త ఇనుము, ముందు దేవుడి పనికే తగలాల." పిన్ని ఆ బారుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొత్త తుండుగుడ్డ చుట్టింది. ప్రభ కదిలేరోజు దాకా ఆ గుడ్డ విప్పలేదు.

ఆ రోజు ఊరంతా ప్రభ దగ్గరే ఉంది. డప్పులు మోగుతున్నాయి, కొబ్బరికాయలు పగులుతున్నాయి. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలపాగా చుట్టుకుని, పెళ్ళికొడుకులా సీటు మీద కూర్చున్నాడు. నేను తుండుగుడ్డ విప్పి, పిన్ను చేత్తో పట్టుకుని, "రానియ్, రానియ్" అంటూ చెయ్యి ఊపాను. ట్రాక్టరు వెనక్కి వచ్చింది. ఠంగుమంది. ముందుకి పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఠంగు. జనం కొండ మీది స్వామిని తలుచుకుని "చేదుకో కోటయ్యా చేదుకో" అని గొంతెత్తి అరుస్తున్నారు. కోటయ్య వింటున్నాడేమో గానీ మా బారు వినడంలేదు. కిందికి దూరి చూశాను. నోరు రెండు వేళ్ళు, మా బారు నాలుగు వేళ్ళు.

"ఏందిరా?" అన్నాడు బాబాయి పైనుంచి.

"లావైంది బాబాయ్."

"ఏది లావైంది?"

"మనదే."

ఒక్కసారిగా నవ్వులు లేచాయి. "ఇంజినీరు గారూ, ప్రభకే నోరు పెద్దది చేయిస్తే పోలా!" అని ఎవరో అరిచారు. ఆ నవ్వులకి నేను బాధపడలేదు. బాబాయి మొహం చూడటమే బాధైంది. ఎండెక్కుతోంది, బయల్దేరే వేళ దాటిపోతోంది. పైవీధి బండిని పిలవమని పెద్దమనుషులు గొణుగుతున్నారు. బాబాయి సీటు దిగలేదు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆయన జన్మకి ఒక్క కోరిక కోరుకుంటే దాన్ని నా చేతుల్తో పాడుచేశాననుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

ఇంతలో పైవీధి మామయ్య ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆయన దిగి, వంగి, మా బారుని వేళ్ళేసి కొలిచి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఇక మా బండి పక్కకి తియ్యమంటాడని అందరం చూస్తున్నాం. ఆయన స్పానరు తీసుకుని తన ట్రాక్టరు వెనక చతికిలబడి, తన బారు విప్పటం మొదలుపెట్టాడు.

"రెండూ ఒకటే బండ్లు గదా. నాది దానికి పడుద్ది. ఏందిరా అట్టా కూర్చున్నావ్, దిగి నీది విప్పు" అన్నాడు బాబాయితో.

"నీ బారు నాకేం అక్కర్లా."

"నీకెవడిచ్చాడ్రా? కోటయ్యకిస్తన్నా. తిరణాల కాంగానే తెచ్చియ్యి."

బాబాయి దిగాడు. అరగంటలో బారు మారింది, పిన్ను పడింది, ప్రభ కదిలింది. కొండ దాకా మామయ్య బండెక్కలేదు, వెనక చక్రం పక్కనే నడిచాడు. గతుకొచ్చినప్పుడల్లా "నిమ్మళంగా పోనియ్, నా బారు!" అని అరవటం, "బారు కాదు, బంగారమైనట్టు!" అని బాబాయి తిప్పికొట్టటం, దారి పొడుగునా ఇదే. కొండ కింద ప్రభ నిలబడ్డాక బాబాయి తలపాగా విప్పి మొహం కప్పుకున్నాడు. మామయ్య అటు తిరిగి, చూడనట్టు నిలబడ్డాడు.

ఆ బారు మేం తిరిగివ్వలేదు. తిరణాలైన వారానికే మామయ్య బండికి కొత్తది కనిపించింది. అయినా నాలుగు రోజులకోసారి ఆయన వీధిలో ట్రాక్టరాపి, మా గుమ్మంలోకి వచ్చి "నా బారేదిరా?" అని కేకేసేవాడు. "రేపిస్తాలే, కూర్చో" అనేవాడు బాబాయి. కూర్చునేవాడు. టీ అయ్యేది, మిరపకాయల ధర అయ్యేది, ఎలక్షన్ల గొడవయ్యేది, ఒకరినొకరు తిట్టుకోవటం అయ్యేది. ఇలా ఇరవై ఏళ్ళు పైనే సాగింది. ఇంత చిన్న సంగతి తెగ్గొట్టక ఎందుకిలా సాగదీస్తారని నాకు చిరాకేసేది. (అప్పటికి నేను ట్రక్కులు చేసే షాపులో పనికి కుదిరాను. కొలవనిదే ఇనుము ముక్క కూడా కొయ్యనిచ్చేవాణ్ణి కాదు.)

ఇప్పుడు ఇద్దరూ లేరు. ముందు బాబాయి, ఆ మరుసటి వానాకాలంలో మామయ్య వెళ్ళిపోయారు. మొన్న ట్రాక్టరు అమ్మేటప్పుడు ఆ బారు విప్పి, తుడిచి, భుజాన వేసుకుని పైవీధికి వెళ్ళాను. అత్తయ్య అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. "అత్తయ్యా, మామయ్య బారు. చానా ఆలస్యమైంది" అన్నాను.

ఆమె దానివైపు చూసి నవ్వింది. "తీసకపో నాయనా. నేను తిరణాలైన వారమే అన్నా, నాలుగు తిట్టి తెచ్చుకోవయ్యా అని. ఊరుకోవే, తెచ్చుకుంటే ఇంక వాళ్ళింటికి ఏం పని మీద పోను అన్నాడు మీ మామయ్య."

వెనక్కి మోసుకొచ్చాను. మా మూడు ప్లేట్ల బారు ఇన్నేళ్ళుగా గుమ్మం పక్కన బురద కాళ్ళు రుద్దుకోవడానికి పనికొస్తోంది. ఇదీ దాని పక్కనే పెట్టాను. పెట్టెలో వెతికితే ఆ గ్రాఫు కాయితం కూడా దొరికింది. మూలన సంతకం, కింద 'ఇంజినీరు'. నవ్వొచ్చింది. అన్నీ తెలిసిన ఆ కుర్రాడికి ఎదురుగా కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు ఒక్కనాటికీ అర్థం కాలేదు. వీధిలో ట్రాక్టరు ఆగిన చప్పుడైతే ఇప్పటికీ తల ఎత్తి చూస్తాను, "నా బారేదిరా" అని ఎవరైనా కేకేస్తారేమోనని.